ఆ చేను ఎవరిది? సూపర్ హీరో కామిక్స్ రాసేవాళ్ల ప్రేమ, కోపం

'ది బాయ్స్' సిరీస్ ఏకబిగిన చూసేసిన మా తమ్ముడు మొన్న ఫోన్ చేసి ఒక ప్రశ్న వేశాడు. "అన్నా, సూపర్ హీరోలంటే ఇంత కసి ఉన్నవాడు మళ్లీ ఆ సూపర్ హీరోల కథలే ఎందుకు రాశాడు? ప్రపంచంలో వేరే కథలే లేవా?"

నవ్వొచ్చింది కానీ ప్రశ్న చిన్నదేం కాదు. ఆ సిరీస్‌కి మూలమైన కామిక్ రాసిన గార్త్ ఎన్నిస్‌కి సూపర్ హీరోలు పెద్దగా పడరని కామిక్స్ చదివేవాళ్లందరికీ తెలుసు. 'వాచ్‌మెన్' రాసిన ఆలన్ మూర్ ఇంకో అడుగు ముందుకేసి, పన్నెండేళ్ల పిల్లల కోసం పుట్టిన పాత్రల కోసం పెద్దవాళ్లు థియేటర్ల ముందు బారులు తీరడం భయపెట్టే సంగతి అంటారు. అదే రంగంలో ఉన్న గ్రాంట్ మారిసన్ మాత్రం సూపర్‌మ్యాన్ గురించి భక్తుడు దేవుడి గురించి మాట్లాడినట్టు మాట్లాడతారు. కొందరు ఇక ఈ పాత్రల హక్కులున్న కంపెనీల గడప తొక్కమని ప్రకటించి, నాలుగేళ్లకు మళ్లీ వెళ్లి రాస్తారు.

దూరం నుంచి చూస్తే ఇదంతా అభిరుచుల గొడవలా ఉంటుంది. దగ్గరకెళ్లి చూస్తే అందులో సగానికి పైగా భూమి తగాదా. కౌలుకు చేసే రైతుకు ఆ చేను మీద ప్రేమ ఉండొచ్చు, ఆ చేను వల్ల కడుపుమంట కూడా ఉండొచ్చు. రెండూ ఒకే మనిషిలో ఉండటంలో వింతేమీ లేదు.

మెయిన్‌స్ట్రీమ్ అంటే ఇక్కడ అర్థం వేరు

అమెరికాలో కామిక్స్ వాళ్లు 'మెయిన్‌స్ట్రీమ్' అంటే ఎక్కువగా వాళ్ల ఉద్దేశం మార్వెల్, డీసీ అనే రెండు కంపెనీల సూపర్ హీరో పత్రికలు. 'బిగ్ టూ' అన్నా అవే. పుస్తకాల షాపుల్లో జపాన్ మాంగా, పిల్లల గ్రాఫిక్ నవలలు ఎంత అమ్ముడైనా ఈ మాట మాత్రం వీటికే అతుక్కుపోయింది. మార్వెల్‌ని 2009లో డిస్నీ సుమారు 400 కోట్ల డాలర్లకు కొంటామని ప్రకటించింది. డీసీ ఎప్పటినుంచో వార్నర్ గొడుగు కింద ఉంది.

నెలనెలా వచ్చే ఒక్కో సంచికలో కథ ఇరవై పేజీల చుట్టుపక్కల ఉంటుంది. రచయిత స్క్రిప్టు రాస్తారు, ఒకరు బొమ్మ గీస్తారు, ఇంకొకరు ఇంకు దిద్దుతారు, రంగులు వేసేవారు వేరు, బెలూన్లలో అక్షరాలు పెట్టేవారు వేరు. అందరి మీదా ఎడిటర్. ఈ వ్యాసంలో నేను 'రచయిత' అంటూ పోతున్నా, చాలా చోట్ల ఆ ఘనతలో సగం చిత్రకారుడిది. ఆ సగం మర్చిపోవడమే ఎన్నో తగాదాలకు మొదలు.

130 డాలర్ల చెక్కు

2012లో అమెరికాలో ఒక పాత బ్యాంకు చెక్కు వేలానికొచ్చింది. 1938 నాటిది, మొత్తం 412 డాలర్లు. ఏ పనికి ఎంత అని చెక్కు మీద వరసగా రాసి ఉంది. ఆ వరసలో ఒకచోట సూపర్‌మ్యాన్, 130 డాలర్లు. జెర్రీ సీగెల్, జో షుస్టర్ అనే ఇద్దరు కుర్రాళ్లు తమ హీరోను సర్వహక్కులతో అమ్మేసిన డబ్బు అది. చెక్కు మీద వాళ్ల పేర్లు కూడా తప్పుగానే పడ్డాయి. వేలంలో ఆ కాగితం ముక్క 1,60,000 డాలర్లు పలికింది.

తర్వాత కోర్టుకెళ్లారు, ఓడారు, ఉన్న పని పోగొట్టుకున్నారు. 1975 నాటికి షుస్టర్‌కి చూపు దాదాపు పోయింది. సూపర్‌మ్యాన్ సినిమా భారీగా తయారవుతోందని తెలిసి సీగెల్ పత్రికలకెక్కారు. నీల్ ఆడమ్స్ లాంటి చిత్రకారులు పక్కన నిలబడ్డారు. చివరికి వార్నర్ వాళ్లు ఒక్కొక్కరికి ఏడాదికి 20,000 డాలర్ల పింఛను, సృష్టికర్తలుగా పేరు వేయడానికి ఒప్పుకున్నారు. బ్యాట్‌మ్యాన్ సంగతి ఇంకా ఆలస్యం. ఆ పాత్రను తీర్చిదిద్దడంలో పెద్ద చెయ్యి ఉన్న బిల్ ఫింగర్ 1974లోనే పోయారు. అధికారికంగా ఆయన పేరు పడింది 2015లో.

పేరు పడకపోవడమంటే ఏంటో తెలుగు పాఠకుడికి ఒకరు చెప్పక్కర్లేదు. చందమామలో 'తోకచుక్క', 'రాకాసిలోయ' సీరియల్స్ ఊపిరి బిగబట్టి చదివిన తరాలకు అవి రాసింది దాసరి సుబ్రహ్మణ్యం అని తెలియడానికి ఎన్నేళ్లు పట్టిందో! అక్కడి పద్ధతి వేరు, కారణాలు వేరు. పేజీ మీద పేరు లేకపోతే పాఠకుడికి రచయిత లేనట్టే, అది మాత్రం రెండు చోట్లా ఒకటే.

కొత్తగా ఈ రంగంలోకి వచ్చే ప్రతి అమెరికన్ రచయితా సీగెల్, షుస్టర్ల కథ విని ఉంటాడు. కాంట్రాక్టు మీద సంతకం పెట్టేటప్పుడు ఆ చెక్కు మనసులో మెదలకుండా ఉండదు.

కూలి, వాటా, సొంత సాగు

ఒప్పందాలు స్థూలంగా మూడు రకాలు. మొదటిది 'వర్క్ ఫర్ హైర్'. పేజీకింత అని డబ్బిస్తారు, రాసింది కంపెనీది. 1978లో అమల్లోకి వచ్చిన అమెరికా కాపీరైట్ చట్టం దీన్ని గట్టిగా నిర్వచించింది. ఇందులో విడ్డూరం ఏంటంటే, ఇలాంటి పనికి చట్టం దృష్టిలో రచయిత కంపెనీయే! రాసిన మనిషి కాదు. మామూలుగా హక్కులు అమ్ముకున్న రచయితకు కొన్ని దశాబ్దాల తర్వాత వాటిని వెనక్కి అడిగే దారి ఆ చట్టంలో ఉంది. వర్క్ ఫర్ హైర్‌కి అదీ లేదు. ఫెంటాస్టిక్ ఫోర్, ఎక్స్-మెన్ లాంటివాటికి ప్రాణం పోసిన జాక్ కర్బీ వారసులు హక్కుల కోసం మార్వెల్‌కు నోటీసులిస్తే, 2013లో అప్పీలు కోర్టు అవన్నీ వర్క్ ఫర్ హైరే అంది. సుప్రీంకోర్టు ఆ కేసు తీసుకుంటుందా లేదా తేలకముందే, 2014లో రెండు పక్షాలూ రాజీ పడ్డాయి.

రెండోది కూలి మీద కొంత వాటా. 1980ల మొదట్లో డీసీ, ఆ వెనకే మార్వెల్ అమ్మకాలు ఒక స్థాయి దాటితే రాయల్టీ ఇవ్వడం మొదలుపెట్టాయి. కొత్త పాత్ర సినిమాకో బొమ్మకో ఎక్కితే కొంత ఇచ్చే ఏర్పాట్లూ వచ్చాయి. మూడోది 'క్రియేటర్ ఓన్డ్', అంటే సొంత సాగు. పాత్ర రచయితా చిత్రకారులదే, నష్టం కూడా వాళ్లదే.

ఒక లెక్క వేసి చూద్దాం. అంకెలు నేను సులువు కోసం వేసుకున్నవే. పెద్ద కంపెనీలో రచయితకు పేజీకి 100 డాలర్లు అనుకుందాం. ఇరవై పేజీలకు 2,000. ఏడాదికి పన్నెండు సంచికలు రాస్తే 24,000. పుస్తకం ఆడినా ఆడకపోయినా ఈ డబ్బు వస్తుంది.

అదే రచయిత సొంత కామిక్ వేశారు. ధర 4 డాలర్లు. షాపు, పంపిణీదారుల వాటా పోగా కాపీకి 1.60 మిగిలింది. 8,000 కాపీలు పోతే చేతికొచ్చేది 12,800. ప్రింటింగ్‌కు 6,400, పబ్లిషర్ రుసుము 2,500 తీసేస్తే మిగిలేది 3,900. ఇది రచయిత ఒక్కడిదే కాదు, చిత్రకారుడూ రంగులవాళ్లూ అక్షరాలవాళ్లూ అందరూ పంచుకోవాలి. నెలంతా బల్ల మీద వంగిన చిత్రకారుడికి ముందు ఇవ్వాలి కదా, రచయితకు మిగిలేది ఏ కాఫీ డబ్బులో. 4,000 కాపీలే పోతే చిత్రకారుడికి ఇవ్వడానికి కూడా ఎదురు పెట్టుకోవాలి. 30,000 పోయాయా, ఒక్క సంచిక మీదే ఇరవై వేల డాలర్ల పైన మిగులుతుంది, సినిమా హక్కులు కూడా వాళ్ల చేతిలోనే ఉంటాయి.

కాబట్టి 'కంపెనీలకు రాయడం అమ్ముడుపోవడం' అని ఎవరైనా అంటే, అద్దె కట్టాల్సిన తారీఖు వాళ్ల ఇంట్లో ఎలా గడుస్తుందో ముందు అడగాలి.

వాచ్‌మెన్: ఒక చిన్న షరతు

అసలు 'వాచ్‌మెన్' పుట్టుకే తమాషాగా ఉంటుంది. డీసీ అప్పట్లో చార్ల్‌టన్ అనే చిన్న కంపెనీ పాత్రలను కొంది. వాటితో కథ చేద్దామని మూర్ ప్రతిపాదన పెట్టారు. అందులో కొందరు చస్తారు, కొందరు మళ్లీ వాడుకోలేనంతగా చెడిపోతారు. కొత్తగా కొన్న సరుకు పాడవుతుందని డీసీ, పోలికలు తీసుకుని కొత్త పాత్రలు చేసుకోమంది. క్వశ్చన్ నుంచి రోర్‌షాక్, బ్లూ బీటిల్ నుంచి నైట్ ఔల్, కెప్టెన్ ఆటమ్ నుంచి డాక్టర్ మన్‌హాటన్ అలా వచ్చారు. 1986, 87లో పన్నెండు సంచికలు. బొమ్మలు డేవ్ గిబ్బన్స్‌వి.

ఒప్పందంలో ఒక షరతు ఉంది. పుస్తకం ముద్రణలో లేకుండా ఏడాది గడిస్తే హక్కులు మూర్, గిబ్బన్స్‌లకు తిరిగొస్తాయి. ఆ రోజుల్లో కామిక్ ఏదైనా కొన్నాళ్లు అమ్ముడై మాయమయ్యేది, కాబట్టి ఒకట్రెండేళ్లలో మనకే వస్తుందిలే అనుకున్నారు. కానీ సంచికలన్నీ కలిపి 1987లో వేసిన పుస్తకం ఎంత ఆడిందంటే, దాని ముద్రణ ఈనాటికీ ఆగలేదు. పుస్తకం హిట్టవడమే రచయితకు శాపమైంది. మూర్ దీన్ని మోసమన్నారు, డీసీకి రాయడం మానేశారు, సినిమాల్లోంచి తన పేరు తీయించుకున్నారు, తనకు రావాల్సిన సినిమా డబ్బు గిబ్బన్స్‌కి ఇప్పించారు.

2012లో డీసీ 'బిఫోర్ వాచ్‌మెన్' పేరుతో ముందు కథలు వేసినప్పుడు వాదన ముదిరింది. అవి రాసినవాళ్లలో ఒకరైన జె. మైకేల్ స్ట్రాజిన్స్కీ, మూర్ కూడా ఇతరుల పాత్రల మీదే పేరు తెచ్చుకున్నారు కదా అన్నారు. మాట తీసిపారేసేది కాదు. మూర్ అమెరికాలో నిలదొక్కుకుంది 'స్వాంప్ థింగ్' మీద, దాన్ని సృష్టించింది లెన్ వీన్, బెర్నీ రైట్‌సన్. ఆ వీన్ 'వాచ్‌మెన్'కి మొదట ఎడిటర్, 'బిఫోర్ వాచ్‌మెన్'లో ఒక రచయిత. ఇంతకంటే చిక్కుముడి దొరకదు. మూర్ పక్షం వాళ్లు మాత్రం అది ఎప్పటికీ కంపెనీదేనని తెలిసి చేసిన పని, ఇది తిరిగొస్తుందని నమ్మించి రాయించుకున్న పని, రెండూ ఒకటెలా అవుతాయి అంటారు. నాకైతే ఈ తేడా నిజమైనదే అనిపిస్తుంది. కానీ ఆ చేను మీద సగం హక్కున్న గిబ్బన్స్‌కి సినిమాతో పేచీ లేదు, 'బిఫోర్ వాచ్‌మెన్'కీ శుభాకాంక్షలు చెప్పారు. ఒకే ఒప్పందం మీద ఇద్దరు సంతకం పెట్టి చెరో రకంగా బతకగలిగారు.

రెండు కంపెనీలు, రెండు చెక్కులు

కెప్టెన్ అమెరికా పక్కన తిరిగే బకీని సృష్టించింది 1941లో జో సైమన్, జాక్ కర్బీ. తర్వాతి కథల్లో వాడు యుద్ధంలో చచ్చిపోయాడని చెప్పారు. 2005లో ఎడ్ బ్రూబేకర్, చిత్రకారుడు స్టీవ్ ఎప్టింగ్ వాడిని బతికించి వింటర్ సోల్జర్‌ని చేశారు. ఆ పేరుతో వచ్చిన 2014 సినిమాలో బ్రూబేకర్ కాసేపు తెర మీద కూడా కనిపిస్తారు. ఆ చిన్న వేషానికి నటుడిగా వచ్చే రెమ్యూనరేషన్ వాయిదాలు, ఆ పాత్రను సృష్టించినందుకు వచ్చినదానికంటే ఎక్కువని 2021లో ఆయన చెప్పారు.

ఇది వినగానే రక్తం మరుగుతుంది. కాస్త ఆగి చూస్తే ఇక్కడ సృష్టి ఎవరిదన్నదే తేలదు. బకీ ఆయన సృష్టి కాదు, బకీకి రెండో జన్మ మాత్రం ఆయన సృష్టే. అందులో ఎన్ని పైసలు ఎవరివి? బ్రూబేకర్ కూడా ఆ పుస్తకాల వల్ల వచ్చిన పాఠకులే తన సొంత క్రైమ్ కామిక్స్‌ని నిలబెట్టారని దాచుకోకుండా చెబుతారు.

రచయిత, చిత్రకారుడు జిమ్ స్టార్లిన్ చెప్పిన పోలిక ఇంకా సూటిగా ఉంటుంది. థానోస్, గమోరా, డ్రాక్స్ అనే పాత్రలు ఆయన మార్వెల్‌కి చేసినవి. డీసీకి చేసినవాటిలో కేజీబీస్ట్ అనే చిన్న విలన్ ఒకడు. ఒక బ్యాట్‌మ్యాన్ సినిమాలో వాడిని వాడుకున్నందుకు డీసీ నుంచి వచ్చిన చెక్కు, మార్వెల్ సినిమాల్లో ఆ ముగ్గురికీ కలిపి వచ్చినదానికంటే పెద్దదని 2017లో ఆయన బయటపెట్టారు. తర్వాత మార్వెల్‌తో మళ్లీ మాట్లాడుకుని మెరుగైన ఒప్పందం చేసుకున్నారు. దీన్నిబట్టి 'బిగ్ టూ' అని ఒకే గాటన కట్టడం కూడా తప్పేనని తెలుస్తోంది.

ఎడిటర్ వద్దంటే

డబ్బు గొడవ ఒక్కటే అయితే సులువు. టీవీ సీరియల్ రాసేవాళ్లను అడగండి. ఎక్కడికో తీసుకెళ్దామనుకున్న ట్రాక్‌ని చానల్ వాళ్లు ఒక్క ఫోన్‌తో ఇంకెక్కడికో తిప్పుతారు. సూపర్ హీరో కామిక్స్‌లో ఆ ఫోన్ ఎనభై ఏళ్లుగా మోగుతోంది. పాత్ర లంచ్ బాక్సుల మీద ఉంది, సినిమాలో ఉంది, మరో ఆరు పత్రికల్లో ఉంది. ఒక్క రచయిత దాన్ని నిజంగా మార్చేస్తే మిగతావన్నీ కదిలిపోతాయి. అందుకే మార్పు వచ్చినట్టు అనిపించాలి గానీ రాకూడదు.

స్పైడర్‌మ్యాన్‌కి 1987లో పెళ్లయింది. 2007లో కంపెనీ ఆ పెళ్లి వద్దనుకుంది. అత్తయ్య ప్రాణం కోసం పీటర్ ఒక రాక్షసుడితో బేరం చేసుకుంటాడు, పెళ్లి జరిగినట్టే లేకుండా పోతుంది. ఆరేళ్లుగా ఆ పత్రిక రాస్తున్న స్ట్రాజిన్స్కీ, ఆ కథ చివరి రెండు భాగాల నుంచి తన పేరు తీసేయమని అడిగానని బహిరంగంగానే చెప్పారు. ఎడిటర్ల వాదన, కుర్రతనం పోతే స్పైడర్‌మ్యాన్ స్పైడర్‌మ్యాన్ కాడని. పాఠకుల్లో ఈ గొడవ ఇంకా చల్లారలేదు.

2013లో 'బ్యాట్‌వుమన్' టీమ్ జె.హెచ్. విలియమ్స్, హేడెన్ బ్లాక్‌మన్ మానేశారు. వాళ్ల ఫిర్యాదుల్లో ఒకటి, హీరోయిన్‌కి ఆమె ప్రియురాలితో పెళ్లి చేయనివ్వకపోవడం. డీసీ ఇది స్త్రీల మధ్య పెళ్లి అని కాదు, హీరోలకు వ్యక్తిగత జీవితంలో సుఖం ఉండకూడదు, అదే మా పాలసీ అంది. నమ్మినవాళ్లు నమ్మారు.

రెండు డాబాలు

మరి ఇష్టంగా రాసేవాళ్లు ఏం చూసి రాస్తారు?

మారిసన్, ఫ్రాంక్ క్వైట్లీ చేసిన 'ఆల్-స్టార్ సూపర్‌మ్యాన్'లో ఒకే ఒక్క పేజీ. ఎత్తైన భవనం అంచున ఒక అమ్మాయి నిలబడి ఉంది, దూకేయబోతోంది. సూపర్‌మ్యాన్ వెనక నుంచి వచ్చి భుజం మీద చెయ్యి వేస్తాడు. మీ డాక్టర్ నిజంగానే ఆలస్యమయ్యాడు, నువ్వు అనుకుంటున్నదానికంటే నీకు చాలా బలముంది అంటాడు. ఆమె అతన్ని పట్టుకుంటుంది. అంతే. తను చావుకు దగ్గరపడ్డ రోజుల్లో ఆ మహాబలుడు చేసిన పని అది. ఈ పేజీ కొత్త పాత్రతో పండదు. భుజం మీద పడ్డ చెయ్యి డెబ్బై ఏళ్ల బరువున్న చెయ్యి, అందుకే పాఠకుడి గొంతు పట్టేస్తుంది. ఇష్టపడేవాళ్లకు కావాల్సింది ఆ బరువే.

జి. విల్లో విల్సన్ లాంటివాళ్లకు కావాల్సింది వేరు. 2014లో పాకిస్తానీ మూలాలున్న జెర్సీ సిటీ అమ్మాయి కమలా ఖాన్‌ని 'మిస్ మార్వెల్'గా రాసినప్పుడు, ఆ పేరు మార్వెల్‌ది కాబట్టే అది అంతమందికి చేరింది.

ఇప్పుడు మా తమ్ముడి ప్రశ్నకొస్తాను. ఎన్నిస్ పెరిగింది ఉత్తర ఐర్లాండ్‌లో, బ్రిటిష్ యుద్ధ కామిక్స్ చదువుతూ. చిన్నప్పటి ప్రేమ లేదు కాబట్టి కేపులు తొడుక్కున్న హీరోలు ఆయనకు వింతగానే కనిపిస్తారు. అయినా అమెరికన్ కామిక్స్‌లో పని కావాలంటే ఆ వీధిలోంచే పోవాలి. డీసీకి రాసిన 'హిట్‌మ్యాన్'లో ఎక్కువగా హీరోల్ని ఆటపట్టిస్తారు. కానీ 34వ సంచికలో సూపర్‌మ్యాన్ గోథమ్‌లో ఒక డాబా మీద ఒంటరిగా కూర్చుని ఉంటాడు, ఒక మనిషిని కాపాడలేకపోయానని కుంగిపోయి. ఆ సిరీస్ కథానాయకుడైన కిరాయి హంతకుడు, సూపర్‌మ్యాన్‌కి అభిమాని కూడా, పక్కన చేరి ఓదారుస్తాడు. ఆ సంచికకు 1999లో కామిక్స్ రంగంలో పెద్దదైన ఐస్నర్ అవార్డు వచ్చింది. సూపర్ హీరోలు గిట్టని మనిషి రాసిన అత్యంత మర్యాదైన సూపర్‌మ్యాన్ కథ అది. కసి తీర్చుకోవడానికి 'ది బాయ్స్' రాశారు, డారిక్ రాబర్ట్‌సన్‌తో కలిసి, సొంత హక్కులతో. 2006లో మొదలైన ఆ కామిక్‌ని డీసీ అనుబంధ సంస్థ ఆరు సంచికలకే ఆపేస్తే, మూటాముల్లె సర్దుకుని డైనమైట్ అనే పబ్లిషర్ దగ్గరకు తీసుకెళ్లగలిగారు. వర్క్ ఫర్ హైర్ అయితే ఆ కథ అక్కడే సమాధి అయ్యేది.

ఒక కాలు ఇక్కడ, ఒక కాలు అక్కడ

1992లో మార్వెల్ స్టార్ చిత్రకారులు టాడ్ మెక్‌ఫార్లేన్, జిమ్ లీ, మరికొందరు బయటికొచ్చి ఇమేజ్ కామిక్స్ పెట్టాక సొంత సాగుకు ఒక ఊరు ఏర్పడింది. 'ది వాకింగ్ డెడ్' రాసిన రాబర్ట్ కిర్క్‌మన్ 2008లో ఒక వీడియో పెట్టి, పేరొచ్చిన రచయితలంతా కంపెనీలు వదిలి సొంత కథలకు రావాలని పిలుపునిచ్చారు. మార్వెల్ రచయిత బ్రయన్ మైకేల్ బెండిస్ ఆయనతో వేదిక మీదే వాదించారు: ఇంట్లో పిల్లలున్నవాళ్లను స్థిరమైన ఆదాయం వదిలేయమనడం సబబు కాదు, రెండూ చేయొచ్చు. బెండిస్ చేసిందీ అదే.

సొంత సాగులోనూ గొడవలుంటాయి. 'వాకింగ్ డెడ్' మొదటి చిత్రకారుడు టోనీ మూర్, వాటా విషయంలో కిర్క్‌మన్ మీదే 2012లో కేసు వేశారు. అది రాజీతో ముగిసింది. అదే ఏడాది గ్రెగ్ రకా పెద్ద కంపెనీల తీరుతో విసిగిపోయానన్నారు, 2016లో 'వండర్ వుమన్' రాయడానికి తిరిగొచ్చారు. మాట తప్పారని వెక్కిరించినవాళ్లున్నారు. నాకు అందులో తప్పేం కనిపించదు. 2021లో జేమ్స్ టైనియన్ చేతిలో ఉన్న 'బ్యాట్‌మ్యాన్'ని, మూడేళ్ల ఒప్పందాన్ని కాదనుకుని సొంత కథలకు వెళ్లారు. ముంబై నుంచి వెళ్లి లండన్‌లో స్థిరపడ్డ రామ్ వి, ముంబైలో నడిచే 'ది మెనీ డెత్స్ ఆఫ్ లైలా స్టార్' రాసిన మరుసటేడు 2022లో డీసీ వాళ్ల బ్యాట్‌మ్యాన్ పత్రిక 'డిటెక్టివ్ కామిక్స్' రాసే పని అందుకున్నారు. ఇప్పటి తరంలో చాలామంది దారి ఇదే: కంపెనీ పనితో పాఠకుల్ని సంపాదించు, వాళ్లను సొంత పుస్తకానికి తీసుకెళ్లు, మంచి ఐడియాలు మాత్రం దాచుకో. చివరిది ఎవరూ ఇంటర్వ్యూల్లో గట్టిగా అనరు గానీ కంపెనీలకు తెలుసు.

కంపెనీల వాదననూ వినాలి. వందల సంచికలు నష్టానికి వేసి, దశాబ్దాల పాటు పాత్రను జనం కళ్ల ముందు నిలబెట్టింది తామేనని, ఒక్క సూపర్‌మ్యాన్ వెనక వందలమంది రచయితలున్నారని, ఎవరి వాటా ఎంతో ఎలా తేలుస్తామని వాళ్లు అడుగుతారు. ఆ లెక్క నిజంగానే తేలదు.

కొంత లెక్క మాత్రం క్యాలెండర్ తేల్చబోతోంది. అమెరికా చట్టం ప్రకారం 1938 నాటి మొదటి సూపర్‌మ్యాన్ కథ 2034 జనవరి 1న కాపీరైట్ నుంచి బయటపడుతుంది. డీసీ చేతిలో ట్రేడ్‌మార్కులు మిగులుతాయి గానీ, ఆ కథతో ఎవరైనా కొత్త కథ రాసుకోవచ్చు. అయితే ఆ మొదటి సంచికలో సూపర్‌మ్యాన్‌కి ఎగరడం రాదు. ఫర్లాంగు దూరం గెంతుతాడు, అంతే. ఎగరడం, అతని బలాన్ని హరించే క్రిప్టోనైట్ రాయి, మిగతావన్నీ తర్వాత కూలికి రాసినవాళ్లు ఒక్కొక్కటిగా చేర్చినవి. అవి ఎప్పుడు వచ్చాయో ఆ ఏడాదిని బట్టి ఒక్కొక్కటే బయటికి రావాలి.